గోడ మాది... బొమ్మ మీదా?

"ఇచ్చట పోస్టర్లు అంటించరాదు" అని ప్రహరీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించుకున్న గృహస్థుల్ని మీరు చూసే ఉంటారు. సరిగ్గా ఆ అక్షరాల మీదనే, చివరి "రాదు" ఒక్కటీ బయటికి కనబడేటట్టు, కొత్త సినిమా పోస్టరు అంటించి ఉండడమూ చూసే ఉంటారు. గోడ కట్టించింది మనం. సున్నం వేయించింది మనం. ఇంటిపన్ను కడుతున్నది మనం. బొమ్మ మాత్రం వాళ్ళది! తెల్లవారుజామున సైకిలుకు బక్కెట్టు తగిలించుకుని వచ్చి, ఉడికించిన మైదా జిగురు నాలుగు చేతులు పూసి, అంటించి చక్కా పోతారు. "అమ్మా, మీ గోడ మీద కత్తి పట్టుకున్న హీరోగారినీ, ఆయన కాళ్ళ దగ్గర తడిసిన చీరతో హీరోయిన్నూ నాలుగు వారాలు ఉంచుతాం, మీకు సమ్మతమేనా?" అని ఒక్క నిర్మాతైనా ఒక్క ఇల్లాలినైనా అడిగిన పాపాన పోయాడా? ఆ బొమ్మల్ని మనసారా ఆదరించినవి ఊళ్ళో ఆవులే. పిండి రుచి మరిగి, హీరో అనీ విలన్ అనీ భేదం చూపకుండా నమిలేవి.

మా తరం ఆడపిల్లలం ఆ గోడల పక్క నుంచే బడికి నడిచాం. గోడ వంక చూడకుండా నడవడం ఒక విద్య. లెక్కలూ సైన్సూ వచ్చినా రాకపోయినా ఆ విద్య మాత్రం అందరికీ వచ్చింది. చూశామా, వెనక సైకిళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళు వ్యాఖ్యానం మొదలుపెట్టేవారు. చూడలేదా, "అబ్బో, పతివ్రత!" అనేవారు. సినిమా అంటే టిక్కెట్టు కొనుక్కుని, ఇష్టమై వెళ్ళి చూసేది. ఇష్టం లేకపోతే మానెయ్యవచ్చు. పోస్టరు మానెయ్యడానికి వీల్లేదు. బస్టాండులో అదే, బడి గోడ మీద అదే, ఆస్పత్రి ఎదురుగుండా అదే. దాన్ని చూడకుండా ఉండే హక్కు మనకి ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు కాలం మారి గోడ చేతిలోకి వచ్చింది. ఫోనులో పాత పోస్టర్లన్నీ కుప్పలు కుప్పలుగా దొరుకుతున్నాయి. ఆనాడు తల దించుకుని దాటిపోయిన ఆడపిల్లే ఈనాడు తల ఎత్తి, ఆ బొమ్మను నలుగురికీ చూపించి, "ఇదేమిటి నాయనా, ఎందుకిలా వేశారు?" అని అడగబోతే, వాళ్ళకి హక్కులు జ్ఞాపకం వచ్చాయి. "అది మా బొమ్మ. ముట్టుకోవద్దు" అంటున్నారు. బాగానే ఉంది సంబడం!

ఇది ఊహించి చెప్పడం లేదు. ఈమధ్య ఇంటర్నెట్టులో వెలువడే ఒక చిన్న సాహిత్య పత్రికకు వ్యాసం రాశాను. మన సినిమా పోస్టరులో ఆడదాని ముఖానికి ఎంత చోటు, నడుముకి ఎంత చోటు అన్నది విషయం. ఏడు పోస్టర్లు ఎంచి, ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంత చేసి, కింద సినిమా పేరూ, సంవత్సరమూ, తెలిసిన చోట చిత్రకారుడి పేరూ రాసి పంపించాను. వ్యాసం వచ్చిన మూడోనాడు ఒక నిర్మాణ సంస్థ నుంచి పత్రికవాళ్ళకి తాఖీదు వచ్చింది. పాపం, చిన్న పత్రిక. వకీలుకి ఇవ్వడానికి డబ్బు లేనివాళ్ళు. భయపడి ఏడు బొమ్మలూ తీసేశారు. ఇప్పుడా వ్యాసంలో "పైన చూపిన పోస్టరులో ఎడమ మూల గమనించండి" అని నా వాక్యం ఉంటుంది, పైన తెల్లటి ఖాళీ ఉంటుంది. ఎంత గమనించినా ఖాళీయే! మా అమ్మకి సంగతంతా చెబితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "వాళ్ళు మన గోడ మీద అంటిస్తే వ్యాపారం, నువ్వు నీ కాగితం మీద అంటిస్తే దొంగతనమూనా?"

నా ఒక్కదాని కష్టమే అయితే ఇంత దూరం రాయను. సినిమాల్లో స్త్రీ పాత్రల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయిలున్నారు. కాలేజీలో పాఠం చెప్పే పంతులమ్మలున్నారు. సమీక్షలు రాసుకునే గృహిణులున్నారు. వీళ్ళందరూ తాఖీదు భయానికి బొమ్మ లేకుండానే రాసేస్తున్నారు, లేకపోతే రాయడమే మానేస్తున్నారు. అందుకని, అసలు చట్టం ఏమంటున్నదో ఒకసారి చూద్దాం. చట్టమనగానే పుట మడిచేయకండి. పోపులడబ్బా కంటె కష్టమైనదేం కాదు.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం పోస్టరు ఒక చిత్రకళాకృతి. డబ్బిచ్చి గీయించుకున్నవాడు, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, దానికి మొదటి యజమాని. అంటే సాధారణంగా నిర్మాత. నాలుగు రోడ్ల కూడలిలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాన్ని ఫొటో తీసుకోవచ్చునంటుంది చట్టం. ఇవాళ అంటించి పై శుక్రవారానికి చింపేసే కాగితానికి ఆ వెసులుబాటు లేదు. కనక గోడ మనదే అయినా బొమ్మ వాళ్ళదే. ఇందులో వాదన లేదు.

కాని బొమ్మ ఎవరిదన్నది ఒక ప్రశ్న. ఆ బొమ్మను గురించి మాట్లాడే నోరు ఎవరిదన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటికీ చట్టం ముడిపెట్టలేదు. అదే చట్టంలో 52వ సెక్షను ఉంది. సొంత ఉపయోగానికీ పరిశోధనకీ, విమర్శకీ సమీక్షకీ, వర్తమాన విషయాలు తెలియజేయడానికీ ఒక కృతిని న్యాయమైన రీతిలో వాడుకుంటే అది హక్కుల ఉల్లంఘన కాదని అందులో ఉంది. విమర్శ ఆ కృతి మీదే కానక్కర లేదు, మరొక కృతి మీదైనా సరేనని కూడా ఉంది. అంటే పోస్టరును చూపించి పోస్టరునే విమర్శించవచ్చు, సినిమానూ విమర్శించవచ్చు. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు, ఇలాంటి పనుల కోసం కృతిని కంప్యూటరులో నిలవ చేసుకోవడం కూడా తప్పు కాదని వివరణ చేర్చారు. ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెబుతారు?

ఇంటర్నెట్టులో అందరూ "ఫెయిర్ యూజ్" అంటుంటారు. అది అమెరికా మాట. మన చట్టంలో మాట "ఫెయిర్ డీలింగ్". అమెరికావాళ్ళ 1976 నాటి చట్టం నాలుగు ప్రశ్నలు వేస్తుంది: ఎందుకు వాడావు, ఎలాంటి కృతిని వాడావు, ఎంత వాడావు, అసలువాడి బేరం ఏమైనా దెబ్బతిన్నదా అని. మన చట్టం ముందు "నీ పనేమిటి?" అని అడిగి, ఆ పని తన జాబితాలో ఉంటేనే తక్కిన లెక్క చూస్తుంది. రెండూ ఒకటి కావు. కాని రెండింటి వెనక ఉన్న బుద్ధి ఒకటే: హక్కు పేరు చెప్పి ఎదుటివాడి నోరు కుట్టకూడదు.

ఇక అవతలివాళ్ళ వాదనలు చూద్దాం.

మొదటిది: "అడిగితే మేమే ఇస్తాం కదా, అనుమతి తీసుకోవచ్చుగా?" ఎంత మర్యాదగా ఉందో! కోడలు అత్తగారి మీద ఫిర్యాదు రాసుకుని, పంపేముందు అత్తగారి సంతకం కోసం పట్టుకెళ్ళినట్టుంది. పొగిడేవాళ్ళకి అనుమతి దొరుకుతుంది. విమర్శించేవాళ్ళకి దొరుకుతుందా? అందుకే చట్టం విమర్శను అనుమతి అక్కర్లేని పనుల్లో చేర్చింది. అమెరికాలో 2006లో తేలిన ఒక వ్యాజ్యం ఉంది. ఒక పాటల బృందం చరిత్రను పుస్తకంగా వేసిన ప్రచురణ సంస్థ, ఆ బృందం కచేరీల పోస్టర్లూ టిక్కెట్లూ ఏడింటిని చిన్నవి చేసి, సంవత్సరాల వారీ కథనం పక్కన అచ్చు వేసింది. ముందు అనుమతి అడిగింది, ధర కుదరలేదు. అయినా వేసింది. హక్కుదారులు కోర్టుకి వెళ్ళారు. న్యూయార్కులోని అప్పీలు కోర్టు ప్రచురణకర్తల పక్షానే తీర్పు చెప్పింది. కచేరీకి రమ్మని పిలవడానికి గీసిన బొమ్మను, ఇక్కడ చరిత్ర చెప్పడానికి వాడారు. చిన్నవి చేసి, కథనంలో భాగంగా వాడారు. అడిగితే కాదన్నంత మాత్రాన న్యాయమైన వాడకం దొంగతనం అయిపోదు.

అమెరికా సంగతి మనకెందుకంటారా? పక్కనున్న కేరళకే వద్దాం. "మీరు నన్ను కమ్యూనిస్టును చేశారు" అనే అర్థం వచ్చే పేరుతో అక్కడ 1952లో ఒక ప్రసిద్ధ నాటకం వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత ఒకాయన దానికి ఎదురు నాటకం రాశాడు. పాత నాటకంలోని పాత్రల్నీ సంభాషణల్నీ తీసుకుని మరీ దాన్ని నిలదీశాడు. హక్కుదారులు ఆపమన్నారు. 1996లో కేరళ హైకోర్టు ఎంత తీసుకున్నాడు, ఎందుకు తీసుకున్నాడు, పాతదానికి ఇది పోటీ సరుకు అవుతుందా అని మూడు సంగతులు చూసి, ఇది నకలు కాదు, విమర్శ అని నాటకాన్ని ఆడనిచ్చింది. ఒక నాటకంతో వాదించడానికి ఆ నాటకాన్ని ముట్టుకోవచ్చునంటే, ఒక పోస్టరుతో వాదించడానికి పోస్టరును ముట్టుకోకూడదా?

రెండో వాదన: "బొమ్మ ఎందుకమ్మా, మాటల్లో వర్ణించు. రచయిత్రివి కదా!" రచయిత్రిని కనకనే చెబుతున్నాను, కుదరదు. "హీరో ముఖం పెద్దది, హీరోయిన్ బొమ్మ చిన్నది" అని రాస్తే, "ఏం, సంసారంలో అంతే కదా!" అని నవ్వేసి పుట తిప్పేస్తారు. పోస్టరులో సగం కాగితమంతా పరుచుకున్న హీరో తల పక్కన, తలే లేకుండా మెడ నుంచి మోకాళ్ళ దాకా మాత్రమే ఉన్న ఆడ శరీరాన్ని చూపిస్తే ఎవరూ నవ్వరు. పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి గరిటెడు పులుసు నోట్లో వేయించాలి గాని, పులుసు మీద పద్యం చదివితే ఏం లాభం?

మూడో వాదన: "మాకు నష్టం." ఏం నష్టమండీ? గోడంత పోస్టరును అగ్గిపెట్టెంత చేసి విమర్శ పక్కన పెడితే, "ఇక సినిమా చూసేశాం, టిక్కెట్టు అక్కర్లేదు" అని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అసలు పోస్టరు పుట్టిందే ఊరందరూ చూడాలని. విమర్శ వల్ల సినిమాకు జనం తగ్గితే తగ్గవచ్చు. ఆ నష్టం విమర్శ వల్ల వచ్చింది గాని బొమ్మ వాడుకోవడం వల్ల రాలేదు. విమర్శ తెచ్చిన నష్టానికి కాపీరైటుతో మందు వేయించుకోవాలనుకోవడం, మొగుడు కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు ఉంటుంది.

అయితే ఇటువైపువాళ్ళకి కూడా నాలుగు మాటలు చెప్పాలి. న్యాయం అనే మాటను ముందు పెట్టుకున్నాక, అది మనకీ వర్తిస్తుంది.

"నెట్టులో దొరికింది, అందరిదీ" అనేవాళ్ళున్నారు. దొరికినదంతా అందరిదీ అయితే, గుళ్ళో విడిచిన చెప్పులు కూడా అందరివీ! చీరల దుకాణంవారు పాత సినిమా పోస్టరులోని నాయిక బొమ్మ పెట్టి, "ఆనాటి అందం, ఈనాటి ధర" అని చీరలు అమ్ముకుంటే అది విమర్శా కాదు, సమీక్షా కాదు. టీ షర్టుల మీదా కాఫీ కప్పుల మీదా పోస్టర్లు అచ్చువేసి అమ్మడం, పెద్ద సైజులో ముద్రించి గోడకు తగిలించుకొమ్మని బేరం పెట్టడం, బొటీకు ప్రకటనకి వాడుకోవడం... ఇవన్నీ వ్యాపారాలు. వ్యాపారం చేసేవాళ్ళు అడిగి, డబ్బు కట్టి చేసుకోవాలి. కింద చిన్న అక్షరాల్లో "విద్యా ప్రయోజనాల కోసం మాత్రమే" అని రాసేస్తే దొంగసరుకు శుద్ధి కాదు. అదేమీ పసుపునీళ్ళు కాదు, చల్లగానే మైల పోవడానికి!

న్యాయంగా వాడడం అంటే ఎలాగో చూడాలంటే తెలుగు వికీపీడియాలో ఏదైనా సినిమా పుట తెరవండి. పోస్టరు పెట్టిన చోట అది చిన్నదిగా ఉంటుంది. దాని మీద నొక్కితే, ఈ బొమ్మకు హక్కుదారులున్నారు, ఫలానా వ్యాసంలో ఫలానా సినిమాను గుర్తుపట్టడానికి మాత్రమే వాడుతున్నాం అని వివరం రాసి పెట్టాలన్నది అక్కడి పద్ధతి. జీతం లేకుండా పనిచేసే వాళ్ళు ఇంత శ్రద్ధ పెట్టగలిగినప్పుడు మనమూ పెట్టగలం.

ఈ తగాదాలో ఇద్దరూ మరిచిపోయే మూడో మనిషి ఒకరున్నారు. బొమ్మ గీసిన ఆయన. పోస్టరు మూల చీమ తలకాయంత సంతకం ఉంటుంది. నెట్టులోకి ఎక్కించేవాళ్ళు బొమ్మను కత్తిరించేటప్పుడు మొదట ఎగిరిపోయేది అదే. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి, 1967లో వచ్చిన బాపుగారి 'సాక్షి'తో మొదలుపెట్టి కొన్ని దశాబ్దాల పాటు పోస్టర్లు గీసిన ఈశ్వర్ గారిని ఎంతమంది ఎరుగుదురు? ఆ కళను గురించి ఆయన 'సినిమా పోస్టర్' అని ఏకంగా పుస్తకమే రాశారు, దానికి నంది బహుమతీ వచ్చింది. బాపుగారి గీత తెలియని తెలుగిల్లు లేదు గనక ఆయన పేరు నిలిచింది. తక్కినవాళ్ళ పేర్లు మైదా జిగురుతోపాటు గోడల మీదే ఎండిపోయాయి.

చట్టం ఆయన్ని మరిచిపోలేదు. 57వ సెక్షను ప్రకారం, బొమ్మను అమ్ముకున్న తర్వాత కూడా "ఇది నేను గీసింది" అని చెప్పుకునే హక్కు గీసినవాడికే ఉంటుంది. దాన్ని తన పరువు పోయేటట్టు వికృతం చేస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన భవనంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడబీకి గిడ్డంగిలో పడేశారు. ఆయన సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వం మీదే కోర్టుకి వెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగి ఇచ్చేయమనీ, 5 లక్షల రూపాయలు పరిహారం కట్టమనీ చెప్పింది. శిల్పం ప్రభుత్వం సొత్తే. అయినా చేసిన చేతికి మర్యాద మిగిలింది. కనక పోస్టరును వాడుకునే ప్రతివాళ్ళూ, వాళ్ళు నిర్మాతలైనా విమర్శకులైనా, ముందు గీసినవాళ్ళ పేరు వెతికి రాయాలి. అది లేని వాడకాన్ని న్యాయమైన వాడకం అనడానికి నాకు నోరు రాదు.

"కొంతకాలం ఆగితే హక్కులు వాటంతటవే తీరిపోతాయి కదా, అప్పుడు తీరిగ్గా రాసుకోండి" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు కూడా ఉన్నారు. వాళ్ళకోసం ఒక చిన్న లెక్క. మన దేశంలో సినిమా మీద కాపీరైటు విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్ళు. 'సాక్షి' మీద హక్కు 2027 ఆఖరుతో తీరుతుంది. కాని చిత్రకారుడెవరో తెలిసిన బొమ్మకు ఆయన జీవితకాలమూ, పోయిన ఏడాది గడిచాక మరో 60 ఏళ్ళూ. ఈశ్వర్ గారు 2021లో పోయారు. అంటే ఆయన గీసిన పోస్టరు మీద హక్కు 2081 ఆఖరు దాకా ఉంటుంది. సినిమాకు విముక్తి వచ్చిన 54 ఏళ్ళకు గాని దాని పోస్టరుకు రాదు! అప్పటిదాకా ఆగమంటే, అప్పటికి నాకు రెండు విధాలా నూరేళ్ళు నిండి ఉంటాయి.

కాబట్టి ఆగేది లేదు. స్త్రీలను అసభ్యంగా చూపించడాన్ని నిషేధిస్తూ 1986లో చట్టం వచ్చింది. అది ఊరికే వచ్చింది కాదు. ఆ రోజుల్లో మహిళా సంఘాలవాళ్ళు తారుడబ్బాలు పట్టుకుని బయలుదేరి, రోత పుట్టించే పోస్టర్ల మీద నల్లగా పూసి పోయేవారని మన అమ్మలు చెబుతారు. ఇవాళ బొమ్మ గోడ మీద లేదు, గాలిలో ఉంది. గాలికి తారు పూయలేం. పూయాలన్న కోరికా నాకు లేదు, చెరిపేస్తే రేపటి పిల్లలకి మనం ఏం భరించామో తెలియను కూడా తెలియదు. మనకి మిగిలిన కుంచె ఒక్కటే: చూపించి అడగడం. ఆ ఒక్కటీ లాక్కుంటామంటే ఎలా ఊరుకుంటాం?

అందుకని, చెల్లెళ్ళూ, రాసేవాళ్ళెవరైనా తాఖీదు రాగానే కాళ్ళు వణికి బొమ్మ తీసేయకండి. జవాబు రాయండి. ఏ బొమ్మ వాడాను, ఎంత చిన్నదిగా వాడాను, దేన్ని విమర్శించడానికి వాడాను, ఎవరి పేరు చెప్పాను, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు అని అయిదు వాక్యాలు చాలు. కింద 52వ సెక్షను అని స్పష్టంగా రాయండి. లింకుల ద్వారా బొమ్మను అందించే సంస్థ మీద హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 21 రోజులు ఆపి ఉంచాలనీ, ఈలోగా కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి అందించవచ్చుననీ ఆ సెక్షనులోనే ఉంది. ఫిర్యాదు అంటే తీర్పు కాదు. ఈ సంగతి తెలియకపోవడమే వాళ్ళ బలం.

నిర్మాతలకి కూడా ఒక్క మాట. అయ్యా, బొమ్మ మీదే. అచ్చువేసి అమ్ముకోండి, అద్దెకిచ్చుకోండి, దొంగతనంగా అమ్మేవాళ్ళ మీద కేసులు పెట్టుకోండి, మీ పక్షాన మేమూ సాక్ష్యం చెబుతాం. కాని మమ్మల్ని చూడమని పిలిచింది మీరే. పిలిచి చూపించిన తర్వాత, చూసినవాళ్ళు ఏమీ అనకూడదంటే మాత్రం వీలుపడదు.